మారని తారీఖు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒక్క విషయం చుట్టే తిరిగాయి: ప్రోగ్రాంలో తారీఖు. మిల్లు బిల్లు, పాల లెక్క, కిస్తీల పట్టిక, పహాణీ, ఎవరి అవసరం వారిది. పీకులాట మాత్రం అందరిదీ ఒకటే. లైబ్రరీలు రాసేవాళ్లు ‘ఇమ్యూటబుల్’ తేదీ అనేది దీనికి మందు. అంటే ఒకసారి తయారయ్యాక ఎవరూ మార్చలేని తేదీ. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా రైస్ మిల్లు బిల్లింగ్‌ను జావాస్క్రిప్ట్‌లో రాసుకున్నాం. బిల్లు తారీఖుకు 45 రోజులు కలిపి గడువు తారీఖు కడతాం. ప్రింటు తీస్తే రెండు చోట్లా గడువు తారీఖే పడుతోంది. కాన్స్ట్ పెట్టినా, ఫ్రీజ్ చేసినా అదే వరస. ఏం చేయాలి?
- మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ కోడ్‌లో ‘గడువు = బిల్లుతేదీ’ అని ఒక వరుస, దాని కింద గడువు మీద సెట్‌డేట్ అనే మెథడ్‌ను (వస్తువు లోపలి తేదీని మార్చే ఆదేశాన్ని) పిలిచే ఇంకో వరుస ఉండి ఉంటాయి. అక్కడ రెండు తేదీలు లేవు. ఒకే వస్తువుకు రెండు పేర్లున్నాయి. గడువు అని పిలిచి 45 రోజులు జరిపితే, బిల్లుతేదీ అని పిలిచినా జరిగిందే కనబడుతుంది. 2025 నవంబర్ 20 బిల్లు మీద రెండు చోట్లా 2026 జనవరి 4 అచ్చవుతున్నది అందుకే.

కాన్స్ట్ చేసే పని, ఆ పేరును ఇంకో వస్తువుకు కట్టనివ్వకపోవడం వరకే. వస్తువు కడుపులో ఏం మారుతోందో దానికి పట్టదు. ఫ్రీజ్ సంగతి ఇంకాస్త చిత్రం. జావాస్క్రిప్ట్ డేట్ లోపల 1970 జనవరి 1 నుంచి లెక్కించిన మిల్లీసెకన్లు ఉంటాయి. ఆ అంకె మామూలు ప్రాపర్టీగా కాక ఒక అంతర్గత అరలో ఉంటుంది. ఫ్రీజ్ తాళం వేసేది ప్రాపర్టీలకు మాత్రమే. సెట్‌డేట్ నేరుగా ఆ అరలోనే చెయ్యి పెడుతుంది కాబట్టి తాళం అడ్డే రాదు.

ఇది కొత్త జబ్బేం కాదు. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టినప్పుడు అప్పటి జావా డేట్ క్లాసును చూసి దించుకున్నారు. జనవరిని 0గా లెక్కించే తంటా కూడా దాంతోపాటే వచ్చింది. జావా వాళ్లు 2014లో జావా 8తో లోకల్‌డేట్ అనే మారని తేదీని తెచ్చుకున్నారు, పీహెచ్‌పీ వాళ్లు అంతకు ముందు ఏడాదే 5.5లో డేట్‌టైమ్ఇమ్యూటబుల్ తెచ్చారు. పైథాన్ డేట్ మొదటి నుంచీ మారనిదే.

వాడే ప్రతిచోటా నకలు తీసుకోవడం ఒక మార్గం. పది చోట్ల తీసి పదకొండో చోట మరిచిపోతారు, మళ్లీ మొదటికొస్తుంది. అంకెతో పోల్చి చూడండి. 20కి 45 కలిపితే 65 వస్తుంది, 20 మాత్రం 20గానే ఉంటుంది. తేదీ కూడా అట్లాంటి విలువే. దాన్ని సామాను తీసి పెట్టే డబ్బాలాగా తయారు చేయడం దగ్గరే తప్పు జరిగింది.

కాబట్టి సొంత తేదీ క్లాసు కట్టుకోండి. లోపల ఒకే ఫీల్డ్, హ్యాష్ గుర్తుతో (#) ప్రైవేట్‌గా, అంటే బయటివాళ్లు ముట్టుకోలేకుండా పెట్టండి. ‘సెట్’ అనే మాటతో మొదలయ్యే మెథడ్ ఒక్కటీ ఉండొద్దు. రోజులు కలిపే మెథడ్ కొత్త వస్తువును తయారు చేసి ఇవ్వాలి, పాతదాని జోలికి పోవద్దు. లోపలికి వచ్చే దారి దగ్గరే తనిఖీ జరగాలి: 2023 ఫిబ్రవరి 29 ఇస్తే దాన్ని మార్చి 1కి సర్దేయకుండా ఎర్రర్ విసరాలి. చెడ్డ తేదీ అసలు పుట్టకుండా చూస్తే తర్వాత ఏ మెథడ్‌లోనూ తనిఖీ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. పాత డేట్‌నే లోపల దాచి, చుట్టూ కొత్త క్లాసు కట్టి, అవసరమొస్తుందని ఆ పాత డేట్‌ను బయటికిచ్చే మెథడ్ ఒకటి పెడతారు. తీసుకున్నవాడు దాని మీద సెట్‌మంత్ పిలిస్తే మీ మారని తేదీ మారి కూర్చుంటుంది. బయటికివ్వాల్సి వస్తే ప్రతిసారీ కొత్త డేట్ తయారు చేసివ్వండి. జావాలో రాసేవాళ్లు క్లాసును ఫైనల్ చేయడం మరవొద్దు. లేకపోతే దాని కింద ఇంకొకరు పిల్ల క్లాసు రాసి మారే ఫీల్డ్‌ను చేర్చగలరు. ఫీల్డ్‌కు కూడా ఫైనల్ పెడితే, వేరే థ్రెడ్‌కు (అదే ప్రోగ్రాంలో పక్కనే నడిచే ఇంకో పనికి) సగం కట్టిన వస్తువు కనబడదని జావా మెమరీ నియమాలే హామీ ఇస్తాయి.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం తేదీ లైబ్రరీ రాస్తున్నాను. లోపల సంవత్సరం, నెల, రోజు మూడూ వేర్వేరుగా దాచాలా, లేక ఒకే సంఖ్య సరిపోతుందా? ఒకే సంఖ్య అయితే దాన్ని లెక్కించడం ఎట్లా?
- మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: రెండు పద్ధతులూ నడుస్తాయి. జావా లోకల్‌డేట్ మూడు ఫీల్డులు దాస్తుంది. పైథాన్ సంవత్సరానికి రెండు బైట్లు, నెలకొకటి, రోజుకొకటి, మొత్తం నాలుగు బైట్లలో సర్దుతుంది. అచ్చు వేయడమే ఎక్కువ పనైతే ఆ పద్ధతి లాభం. మా ఓటు మాత్రం ఒకే సంఖ్యకు. 1970 జనవరి 1ని 0 అనుకుని, అక్కడి నుంచి ఎన్నో రోజో అదే దాచండి. రోజులు కలపడం అంటే ఉత్త కూడిక, రెండు తేదీల మధ్య తేడా అంటే తీసివేత, ముందూ వెనకా అంటే పెద్దా చిన్నా. అంతకన్నా ముఖ్యం, ఫిబ్రవరి 30 అనేది దాచడానికి చోటే ఉండదు. ఏ పూర్ణాంకం తీసుకున్నా అదొక నిజమైన తేదీయే. 32 బిట్ల పూర్ణాంకంలో ముందుకూ వెనక్కూ 50 లక్షల ఏళ్లకు పైనే పడతాయి.

మార్చే సూత్రం తెలంగాణ ఏర్పడిన రోజుతో చూద్దాం: 2014 జూన్ 2.

కిటుకు ఏమిటంటే, సంవత్సరం మార్చిలో మొదలవుతుందని అనుకోవాలి. అప్పుడు ఫిబ్రవరి చివరికి పోతుంది, లీపు రోజు ఏడాది తోకకు చేరుతుంది, మధ్య నెలలను కదిలించదు. మార్చి నుంచి వరసగా 31, 30, 31, 30, 31. ఈ ఐదు నెలలు కలిపితే 153 రోజులు. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా మళ్లీ అదే వరస. అందుకే నెలల పట్టికే లేకుండా 153, 5 అనే రెండు అంకెలతో పని జరిగిపోతుంది.

మార్చి నెలను 0 అనుకుంటే జూన్ నెల సంఖ్య 3. నెల ముందరి రోజులు: (153 × 3 + 2) ÷ 5. అంటే 461 ÷ 5, శేషం వదిలేస్తే 92. జూన్ 2 కాబట్టి ఇంకో 1. మార్చి 1 నుంచి 93.

400 ఏళ్లకు సరిగ్గా 1,46,097 రోజులు. 2014లో అలాంటి చుట్లు 5, మిగిలిన ఏళ్లు 14. ఆ మిగిలిన భాగం: 14 × 365 = 5110, లీపు రోజులకు 14 ÷ 4 = 3, వందల కోసం తీసేయాల్సింది 14 ÷ 100 = 0, పైన వచ్చిన 93. మొత్తం 5206.

5 × 1,46,097 = 7,30,485. దానికి 5206 కలిపి, 7,19,468 తీసేయాలి. ఈ చివరి అంకె 0 సంవత్సరం మార్చి 1 నుంచి 1970 జనవరి 1 దాకా ఉన్న రోజులు. జవాబు 16,223.

నెల జనవరి లేదా ఫిబ్రవరి అయితే లెక్క మొదలుపెట్టే ముందే సంవత్సరంలోంచి 1 తీసేసి, నెలను 10 లేదా 11గా తీసుకోవాలి. దీన్ని మరిచిపోతే ఏడాదికి రెండు నెలలే తప్పు వస్తుంది. జూలైలో పరీక్షిస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది, అదే దీని మోసం.

వెనక్కి రావడం కూడా ఇట్లాగే. 16,223కి 7,19,468 కలపండి, 1,46,097తో భాగించండి: 5 చుట్లు, శేషం 5206. ఈ శేషంలోంచి 5206 ÷ 1460 తీసి, 5206 ÷ 36,524 కలిపి, 5206 ÷ 1,46,096 తీసి, వచ్చినదాన్ని 365తో భాగిస్తే 14. అన్ని భాగాహారాల్లో శేషం వదిలేయాలి. 5206 లోంచి 14 ఏళ్ల రోజులు 5113 తీస్తే 93. (5 × 93 + 2) ÷ 153 = 3, అంటే జూన్. 93 − 92 + 1 = 2. బయలుదేరిన చోటికే వచ్చాం.

వారం కావాలంటే 7తో భాగించి శేషం చూడాలి. 1970 జనవరి 1 గురువారం, దాన్ని 0 అనుకోండి. 16,223కు శేషం 4: శుక్ర, శని, ఆది, సోమ. 2014 జూన్ 2 సోమవారమే.

ఇప్పుడు 1948 సెప్టెంబర్ 17, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు. ఇది 1970కి ముందుది కాబట్టి సంఖ్య −7,776 వస్తుంది. దీన్ని 7తో భాగిస్తే శేషం ఎంత? పైథాన్ 1 అంటుంది. జావా, సీ, జావాస్క్రిప్ట్ −6 అంటాయి. వారాల పేర్ల వరుసలో −6వ పేరు ఎక్కడుంటుంది? జావాస్క్రిప్ట్‌లో అన్‌డిఫైన్డ్ వస్తుంది, జావాలో ప్రోగ్రామే కూలుతుంది. జావాలో ఫ్లోర్‌మాడ్ వాడండి, అది పైథాన్ లాగే 1 ఇస్తుంది. మిగతా వాటిలో శేషానికి 7 కలిపి మళ్లీ 7తో శేషం తీయండి. 1 వస్తుంది, శుక్రవారం. సున్నాకు ముందు సంవత్సరాలు కూడా లెక్కలోకి తీసుకుంటే 400 ఏళ్ల చుట్ల భాగాహారానికీ ఇదే జాగ్రత్త కావాలి.

ప్రశ్న: జనవరి 31న ఇచ్చిన అప్పుకు నెలనెలా కిస్తీ తారీఖులు రావాలి. లూప్‌లో నెల కలుపుతూ పోతే ఫిబ్రవరి 28 తర్వాత అన్నీ 28కే వస్తున్నాయి. అదే పీహెచ్‌పీలో రాస్తే ఫిబ్రవరే లేకుండా మార్చి 3కి దూకుతోంది. ఏది కరెక్టు?
- జడ్చర్ల నుంచి ఒక పాఠకుడు

జవాబు: ‘నెల’ కొలత కాదు. రోజు అంటే ఒక రోజే, నెల అంటే 28 నుంచి 31 దాకా ఏదైనా కావచ్చు. అందుకే జనవరి 31కి ఒక నెల కలిపితే ఎంత అన్న ప్రశ్నకు లెక్కల్లో జవాబు లేదు, ఒప్పందంలో ఉండాలి. నెలాఖరుకు కుదించడం ఒక పద్ధతి, జావా లోకల్‌డేట్ అదే చేస్తుంది. మిగిలిన రోజులను వచ్చే నెలకు ఒలకబోయడం ఇంకో పద్ధతి. పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ డేట్ అట్లా చేస్తాయి, ‘ఫిబ్రవరి 31’ కాస్తా మార్చి 3 అవుతుంది, లీపు ఏడాదైతే మార్చి 2. మూడోది, ఒప్పుకోకుండా ఎర్రర్ ఇవ్వడం. మీ మెథడ్ ఈ మూడింటిలో ఏది కావాలో అడగాలి, చెప్పకపోతే కుదించాలి. కిస్తీల పనికి ఒలకబోసే పద్ధతి ఎప్పుడూ వాడొద్దు. ఒక నెలలో కిస్తీ లేకుండా పోయి తర్వాతి నెలలో రెండు పడతాయి, వడ్డీ దగ్గర తగాదా మొదలవుతుంది.

28 దగ్గర ఇరుక్కోవడం మాత్రం మీ లూప్ తప్పు. ఫిబ్రవరికి వచ్చేసరికి 31 అన్న సంగతి పోయింది. ఇక ఎన్ని నెలలు కలిపినా 28 నుంచే నడుస్తుంది. ముందరి కిస్తీకి 1 నెల కలపడం మానండి. అప్పు తారీఖు మారదు కదా, ప్రతిసారీ దాని నుంచే లెక్కించండి: అప్పు తారీఖు + 1 నెల, అప్పు తారీఖు + 2 నెలలు, అట్లా. ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30, మే 31 వస్తాయి.

నెలలు కలిపే లెక్క ఇది. సంవత్సరం × 12 + (నెల − 1) + కలపాల్సినవి. 2025 జనవరికి 13 నెలలు కలిపితే 24,300 + 0 + 13 = 24,313. 12తో భాగిస్తే 2026, శేషం 1. శేషానికి 1 కలిపితే 2, అంటే 2026 ఫిబ్రవరి. ఆ నెలకు చివరి రోజు 28, మీ రోజు 31, రెండిట్లో చిన్నది తీసుకోండి. వెనక్కి పోయే నెలల కోసం ఇక్కడా కిందికి దించే భాగాహారమే (శేషం సున్నాకు తగ్గనిది) వాడాలి.

ఒక నెల కలిపి ఒక నెల తీస్తే మొదటి తారీఖే రావాలని టెస్ట్ రాయకండి. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 28, అక్కడి నుంచి జనవరి 28. అది బగ్ కాదు, కుదింపు స్వభావమే అంత.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. మారని తేదీకి కొత్తగా మారినవాళ్లు వారంలోపు చేసే పొరపాటు: ‘గడువు.రోజులుకలుపు(5)’ అని ఒక్కటే రాసి ముందుకు పోవడం. కొత్త తేదీ పుట్టింది, పట్టుకునేవాడు లేక పోయింది. గడువు ఎక్కడిదక్కడే ఉంది. ఎర్రర్ కూడా రాదు. రస్ట్‌లో మస్ట్‌యూజ్, సీ ప్లస్‌ప్లస్‌లో 17 నుంచి నోడిస్కార్డ్ గుర్తులు పెడితే కంపైలరే హెచ్చరిస్తుంది, స్విఫ్ట్ అయితే గుర్తు లేకుండానే చెబుతుంది. మిగతా భాషల్లో పేరే కాపాడాలి. పీహెచ్‌పీ వాళ్లు మారని తేదీకి కూడా సెట్‌డేట్ అనే పేరే ఉంచారు. చూసినవాడు అక్కడికక్కడే మారుతుందనుకోక ఏమనుకుంటాడు? జావాలో ‘ప్లస్’, ‘విత్’ అని పెట్టిన పేర్లు నయం.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రానికి చిన్న యాప్ చేశాను. పొద్దున 5 గంటలకు పోసిన పాలు నిన్నటి తారీఖులో పడుతున్నాయి. 6 గంటలకు పోసినవి సరిగ్గానే పడుతున్నాయి. ఫోన్లలో టైం సరిగ్గానే ఉంది.
- సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోన్లను వదిలేయండి, సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. మనకు రాత్రి 12 దాటినా అక్కడ ముందురోజు సాయంత్రం 6:30 మాత్రమే అయి ఉంటుంది. మనకు పొద్దున 5:30 అయ్యేదాకా సర్వర్‌కు ‘ఈరోజు’ అంటే మన నిన్న. 5 గంటల పాలు అటు, 6 గంటల పాలు ఇటు పడుతున్నది అందుకే.

తేదీ వేరు, క్షణం వేరు. ‘జూన్ 2’ అనేది క్యాలెండర్‌లో ఒక గడి, దానికి గంటలు లేవు, టైమ్‌జోన్ లేదు. పాలు పోసింది మాత్రం ఒక క్షణం. క్షణాన్ని తేదీ చేయాలంటే ఎక్కడి గడియారమో చెప్పి తీరాలి. కాబట్టి మీ తేదీ టైపులో ‘ఈరోజు’ అనే మెథడ్ ఖాళీ బ్రాకెట్లతో ఉండకూడదు, గడియారాన్నీ జోన్‌నూ అడగాలి. పరీక్షలకూ అదే సుఖం. గడియారం బదులు 4:59 అని చెప్పే బొమ్మ గడియారాన్ని ఇచ్చి చూడొచ్చు.

మన దేశం వరకే అయితే లెక్క చిన్నది: యూటీసీ సెకన్లకు 19,800 కలిపి 86,400తో భాగించి కిందికి దించండి. వచ్చేదే పై జవాబులో చెప్పిన రోజు సంఖ్య. డాలస్‌లో ఉన్న అన్నయ్య కూడా యాప్ వాడతానంటే ఈ దగ్గరిదారి చాలదు. అక్కడ వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, జోన్ పేరుతో పనిచేసే డేటాబేస్ కావాలి.

ఇదే జబ్బు ఇంకో వేషంలోనూ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కాలమ్‌ను సక్రమంగా డేట్ అనే పెడతారు. సర్వర్ మన సమయంలో నడుస్తుంటే, నోడ్ డ్రైవర్ (జావాస్క్రిప్ట్ సర్వర్‌ను డేటాబేస్‌కు కలిపేది) దాన్ని తీసి స్థానిక అర్ధరాత్రి జావాస్క్రిప్ట్ డేట్‌గా చేసిస్తుంది. దాన్ని పంపడానికి జేసన్ (అక్షరాల రూపం) చేస్తే యూటీసీలోకి మారి, 2025 జూన్ 2 కాస్తా ‘2025-06-01’ తర్వాత 18:30 అయి ఫోన్‌కు చేరుతుంది. ఎక్కడైనా 18:30 కనబడితే ఇక వెతకనక్కర్లేదు, దొంగ దొరికినట్టే. డ్రైవర్‌కు డేట్ కాలమ్‌ను అక్షరాలుగానే ఇమ్మని చెప్పి, మీ టైపుతో చదువుకోండి.

ప్రశ్న: రెండు తేదీ వస్తువుల్లో ఒకే తారీఖున్నా మూడు ఈక్వల్ గుర్తులతో పోలిస్తే ఫాల్స్ వస్తోంది. మ్యాప్‌లో (కీ ఇస్తే విలువ వెతికిచ్చే పట్టికలో) కీగా పెడితే మళ్లీ దొరకడం లేదు.
- వనపర్తి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జావాస్క్రిప్ట్ వస్తువులను పోల్చేటప్పుడు విలువను చూడదు, రెండూ ఒకే వస్తువా అని మాత్రమే చూస్తుంది. మ్యాప్ కూడా అంతే. ‘సమానమా’ అనే మెథడ్ రాసి అదే వాడండి. మ్యాప్‌కు రోజు సంఖ్యను కీగా ఇవ్వండి, 16,223 ఎప్పుడైనా 16,223కి సమానమే. చిన్నది, పెద్దది గుర్తులు పనిచేస్తున్నాయి కదా అని ఈక్వల్ కూడా పనిచేస్తుందనుకోవద్దు. అవి వాల్యూఆఫ్ ద్వారా అంకెగా మార్చుకుని పోలుస్తాయి, ఈక్వల్ ఆ పని చేయదు. జావాస్క్రిప్ట్ కొత్త తేదీ ప్రమాణం టెంపోరల్‌లో ప్లెయిన్‌డేట్ అనే మారని తేదీని రాసినవాళ్లు ఈ అయోమయం వద్దనే వాల్యూఆఫ్ పిలిస్తే ఎర్రర్ వచ్చేలా పెట్టారు, పోలికకు వేరే కంపేర్ ఇచ్చారు. ఫైర్‌ఫాక్స్ 139 నుంచి అది బ్రౌజర్‌లోనే ఉంది, చూసి నేర్చుకోవడానికి మంచి నమూనా.

జావాలో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ (వస్తువును ఏ గదిలో దాచాలో చెప్పే అంకె) రెండూ కలిపి రాయాలి. మారే డేట్‌ను హ్యాష్‌మ్యాప్ కీగా పెట్టి తర్వాత మారిస్తే, దాని హ్యాష్ మారుతుంది, వస్తువు పాత గదిలోనే ఉండిపోతుంది. ఉంది, కానీ అడిగితే లేదంటుంది. మారని తేదీకి ఆ బెడద లేదు.

ప్రశ్న: ప్రతి కూడికకూ కొత్త వస్తువంటే మెమరీ నిండిపోదా? చీరల స్టాకు లెక్కలు లక్షల్లో ఉంటాయి.
- నారాయణపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక అంకె ఉన్న వస్తువు చాలా చిన్నది, వాడి పారేస్తే, అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ చప్పున ఊడ్చేస్తుంది. ముందు కొలవండి. నిజంగానే బరువైతే పెద్ద పట్టికలో ఉత్త రోజు సంఖ్యలనే ఉంచి, తెర మీద చూపే వరుసలకు మాత్రమే తేదీ వస్తువులు చేయండి.

ప్రశ్న: ఎక్సెల్ ఫైలు చదివితే తారీఖు ఉండాల్సిన చోట 41792 అని వస్తోంది. కొన్ని వరుసల్లో 02/06/14 అనే అక్షరాలున్నాయి.
- దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 41792 చెడ్డ అంకె కాదు, ఎక్సెల్ సొంత రోజు లెక్క. అందులో 1900 జనవరి 1 అంటే 1. దానిలోంచి 25,569 తీసేయండి: 16,223. పైన లెక్క కట్టిన 2014 జూన్ 2 ఇదే. ఒక మెలిక ఉంది. 1900 లీపు సంవత్సరం కాకపోయినా ఎక్సెల్‌కు ముందరి పట్టికల ప్రోగ్రాం లోటస్ 1-2-3 నాటి పొరపాటును అనుసరించి ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉన్నట్టు 60వ నంబరు ఇచ్చేసింది. కాబట్టి ఈ తీసివేత 61 నుంచి పైకే చెల్లుతుంది, 60 వస్తే తిప్పి పంపండి.

అక్షరాల తారీఖుల దగ్గర ఊహ వద్దు. 02/06/14 మనకు జూన్ 2, అమెరికా పద్ధతిలో ఫిబ్రవరి 6. చదివే మెథడ్‌కు వరుస ఏమిటో పిలిచేవాడే చెప్పాలి. సంవత్సరం రెండంకెలుంటే ఒప్పుకోకండి. దాచేటప్పుడు, పంపేటప్పుడు 2014-06-02 రూపం ఒక్కటే వాడండి, అక్షర క్రమంలో పెట్టినా కాలక్రమమే వస్తుంది.

ప్రశ్న: తేదీ లైబ్రరీకి ఏ టెస్టులు రాయాలి?
- నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేతితో ఏరినవి కొన్ని: 1900 ఫిబ్రవరి 29 చెల్లదు, 2000 ఫిబ్రవరి 29 చెల్లుతుంది, 2100లో చెల్లదు. 1969 డిసెంబర్ 31 అంటే −1. ఆ తర్వాత లూప్: 400 ఏళ్ల మొత్తం 1,46,097 సంఖ్యలను తేదీగా మార్చి మళ్లీ సంఖ్యగా మార్చండి, ప్రతిదీ తిరిగి అదే రావాలి, తేదీ ముందురోజుకు సరిగ్గా తర్వాతిదై ఉండాలి. కంప్యూటర్‌కు ఇది రెప్పపాటు పని. 1,46,097ను 7 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి 400 ఏళ్లకు వారాలు కూడా మొదటికే వస్తాయి, అదీ ఒక టెస్టే. చివరగా ప్రతి మెథడ్‌నూ పిలిచాక మొదటి వస్తువు సంఖ్య మారలేదని చూడండి. మారని టైపుకు ఈ టెస్ట్ రాయనివాళ్లే ఎక్కువ.

ప్రశ్న: పాత పహాణీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరం తెలిపే మెథడ్‌ను తేదీ క్లాసులోనే పెట్టాలా?
- నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. తేదీ క్లాసుకు క్యాలెండర్ తెలిస్తే చాలు. ఫసలీ, ఆర్థిక సంవత్సరం, పంట కాలం వంటివి తేదీని తీసుకుని జవాబిచ్చే వేరే ఫంక్షన్లుగా బయట ఉండాలి. లేకపోతే ఆ ఒక్క క్లాసు ఊరందరి పనులూ నెత్తికెత్తుకుంటుంది.

ఇప్పటి ఫసలీ జూలై 1న మొదలవుతుంది. నెల 7 లేదా పైన అయితే సంవత్సరంలోంచి 590, లేకపోతే 591 తీసేయండి. 2024 జూలై 1కి 1434, 2025 మార్చి 10కి కూడా 1434. తిరుగు ప్రయాణంలో మాత్రం ఒక తేదీ రాదు, ఒక వ్యవధి వస్తుంది. 1434 అంటే 2024 జూలై 1 నుంచి 2025 జూలై 1కి ముందు వరకు. చివరి రోజును చేర్చకుండా, తర్వాతి ఏడాది మొదటి రోజును హద్దుగా పెట్టుకుంటే తీసివేతతోనే రోజులు వస్తాయి: 1434కు 365, మధ్యలో 2024 ఫిబ్రవరి 29 ఉన్న 1433కు 366.

నిజాం కాలం కాగితాలకు ఈ సూత్రం పనికిరాదు. అప్పటి ఫసలీ అక్టోబర్ ప్రాంతంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది, తర్వాత దై, బహమన్ అట్లా సాగేది. ఆ కాగితాల్లోని తారీఖును మీరు లెక్కించి మార్చకండి. కాగితం మీద ఎట్లా ఉందో అట్లాగే అక్షరాలుగా ఒక కాలమ్‌లో ఉంచి, మార్చిన తేదీని పక్క కాలమ్‌లో పెట్టండి. మార్పిడి తెలియని వరుసకు ఆ పక్క కాలమ్ ఖాళీగా ఉండనివ్వండి. ఖాళీ ఎందుకని 1970 జనవరి 1 నింపితే, రేపు ఎవరో దాన్నే పట్టా తారీఖు అనుకుంటారు.